తెల్ల గలిజేరు, అటికమామిడి ఒకటేనా? మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ రసం తాగవచ్చా?

ఉద్దానం కొబ్బరితోట అడిగిన ప్రశ్న:

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా నాన్నగారికి అరవై రెండేళ్లు. రెండేళ్ల క్రితం ఆయనకు మూత్రపిండాల జబ్బు ఉన్నట్లు తెలిసింది. డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు గానీ, పోయిన నెల పరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 4.1 వచ్చింది. పొద్దుటిపూట బాగానే ఉంటారు. చీకటి పడే వేళకు పాదాలకు నీరు దిగి, చెప్పు వారు పడిన చోట గాడి అలాగే నిలిచిపోతోంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఈ జబ్బు సంగతి తెలియని ఇల్లు ఉండదు. కారణం ఏమిటో ఇన్నేళ్లయినా కచ్చితంగా తేలకపోవడం వల్ల, ఎవరు ఏ ఆకు పేరు చెప్పినా మా వాళ్లు ఆశగా వింటారు. ఆ ఆశను నేను తప్పుపట్టలేను. మా పెదనాన్నగారు మూడేళ్లపాటు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లి, నీరసించి ఇంటికి రావడం నాన్నగారు కళ్లారా చూశారు.

తెల్ల గలిజేరు ఆకు రసం పరగడుపున ఒక గ్లాసు చొప్పున మండలం రోజులు తాగితే క్రియాటినిన్ దిగిపోతుందనీ, డయాలసిస్ అవసరమే రాదనీ మా మేనత్తగారు గట్టిగా చెబుతున్నారు. ఆమె ఫోనుకు వచ్చిన సందేశంలో అదే మొక్కను పునర్నవ అనీ, అటికమామిడి అనీ కూడా రాశారు. వానలు పడగానే మా తోటలో కొబ్బరి పాదుల మధ్య నేలంతా పరుచుకునే మొక్కలు రెండు మూడు రకాలున్నాయి. వాటిలో ఏది గలిజేరో, ఏది అటికమామిడో ఇంట్లో తలా ఒక మాట చెబుతున్నారు. ఈ రెండూ ఒకటేనా? వేరైతే ఎలా గుర్తుపట్టాలి? పూర్వపు వైద్యులు దీనిని నిజంగా దేనికి వాడేవారు? అన్నిటికన్నా ముఖ్యంగా, నాన్నగారి వంటి స్థితిలో ఉన్నవారు దీనిని తాగవచ్చా? ఆదివారం నుంచి మొదలుపెడదామని మేనత్తగారు అంటున్నారు కనుక, తెలిసినవారు దయచేసి ఈలోగా చెప్పగలరు.


పాత హెర్బేరియం:

బాబూ, ముందు మొక్కల సంగతి తేల్చుకుందాం. పేరు దగ్గర పొరపాటు జరిగితే ఆ తరువాత చెప్పే వైద్యమంతా పొరపాటే అవుతుంది. నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. పునర్నవ అని పిల్లలు తెచ్చిన మొక్కల్లో ప్రతి ఏడూ సగానికి సగం గలిజేరే ఉండేది.

ఇవి రెండూ వేర్వేరు మొక్కలు, వేర్వేరు కుటుంబాలవి కూడా. అటికమామిడి శాస్త్రీయ నామం బోర్హావియా డిఫ్యూజా. మన పెరళ్లలోని చంద్రకాంత, ప్రహరీల మీద పాకే కాగితంపూల తీగ దీని చుట్టాలు. గలిజేరు శాస్త్రీయ నామం ట్రయాంథిమా పోర్చులకాస్ట్రమ్. దీనినే కొన్ని చోట్ల అంబటిమాడు అంటారు. రెండు పేర్లనూ స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో స్థిరపరిచాడు. బోర్హావియా అన్న పేరు హెర్మన్ బోర్హావే అనే డచ్చి వైద్యుని మీదుగా వచ్చింది. మన వైద్యంలో ఇంత పేరున్న మొక్కకు అంత దూరాన ఒక వైద్యుని పేరే దక్కడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

ఫోన్లలో తిరిగే సందేశాలు ఒక గుర్తు చెబుతాయి: కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్న రెండు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే అది పునర్నవ అని. ఆ గుర్తు రెండు మొక్కలకూ ఉంది కనుక దానిని నమ్ముకోవద్దు. మీరు తోటలోకి వెళ్లి ఒక కొమ్మను చేతిలోకి తీసుకుని, ఆకు తొడిమను కాండం దగ్గర నుంచి మెల్లగా వంచి చూడండి. గలిజేరు అయితే తొడిమ అడుగు వెడల్పై, పల్చటి పొరలాగా కాండాన్ని చుట్టుకుని చిన్న సంచిలా ఉంటుంది. ఆ సంచిలోనే, కాడ లేకుండా, ఒంటరి పువ్వు సగం దాగి కూర్చుంటుంది. పువ్వు వాడిన తరువాత అదే చోట మూతలాంటిది ఊడిపోయే కాయ, అందులో గరుకైన నల్లటి గింజలు కనిపిస్తాయి. ఆకు కండగా ఉంటుంది, గిల్లితే నీరు వస్తుంది. దీనిని పావిలికూరతో పోల్చుకుని పొరబడేవారు కూడా ఉన్నారు గానీ, పావిలి పువ్వు పసుపుపచ్చగా ఉంటుంది.

అటికమామిడికి ఆ సంచి ఉండదు. ఆకు అంత కండగా ఉండదు, తిప్పి చూస్తే అడుగు భాగం తెల్లగా పాలిపోయి ఉంటుంది. కాండం తరచుగా ఎర్రబారి ఉంటుంది. పూలు ఆవగింజలంత చిన్నవి, గులాబీ రంగువి, సన్నటి కాడల చివర గుత్తులుగా పైకి లేచి ఉంటాయి. కాయను వేళ్ల మధ్య నలిపితే జిగురు తగులుతుంది. సాయంత్రం తోటలో తిరిగి వచ్చాక పంచె అంచుకు అంటుకుని వదలని సన్నటి కాయలు ఇవే. తవ్వితే లావైన తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది. ఎండాకాలంలో పైభాగం ఎండిపోయినా ఆ వేరు చావకుండా ఉండి తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. పునర్నవ, అంటే మళ్లీ కొత్తదయ్యేది, అన్న పేరు దీనికి అతికినట్లు సరిపోతుంది. గలిజేరుకు ఆ గుణం లేదు. అది ఏటేటా గింజ నుంచి మొలిచేదే.

మూడో మొక్క కూడా ఒకటుంది: బోర్హావియా ఎరెక్టా. ఇది నేల మీద పరుచుకోకుండా నిటారుగా లేస్తుంది, కాయలకు జిగురు ఉండదు. పువ్వు తెల్లగా ఉండటం చూసి దీనిని తెల్ల పునర్నవగా పొరబడే ప్రమాదం ఉంది. అసలు చిక్కంతా ఈ తెలుపు, ఎరుపు అన్న మాటల్లోనే ఉంది. గలిజేరులోనే తెల్లపూలది, గులాబీపూలది అని రెండున్నాయి. జనం వాటినే తెల్ల గలిజేరు, ఎర్ర గలిజేరు అంటారు. వైద్య గ్రంథాల్లో ఎర్ర పునర్నవ అంటే అటికమామిడి. ఒకరు పువ్వు రంగును బట్టి, మరొకరు గ్రంథాన్ని బట్టి మాట్లాడుకుంటూ ఒకే మొక్క గురించి మాట్లాడుతున్నామని అనుకుంటారు.


కషాయపు గిన్నె:

నేను ఆయుర్వేద వైద్యురాలిని. పై పెద్దలు మొక్కలను విడదీసి చెప్పినందుకు కృతజ్ఞతలు. నేను వాడుక సంగతి చెబుతాను.

పునర్నవకు శోథఘ్ని అనే పర్యాయపదం ఉంది. శోథం అంటే వాపు, ఉబ్బు. ఈ ఒక్క పేరు చూస్తే చాలు, మన వైద్యులు దీనిని ప్రధానంగా దేనికి వాడారో తెలుస్తుంది. ఒళ్లు నీరు పట్టి ఉబ్బినప్పుడు, పాండురోగంలో, అంటే రక్తహీనతలో, ముఖం పాలిపోయి కాళ్లు వాచినప్పుడు, పొట్టలో నీరు చేరినప్పుడు వేరు కషాయాన్ని ఇచ్చేవారు. చరకుడు దీనిని చెమట పట్టించడానికి తోడ్పడే స్వేదోపగ ద్రవ్యాల్లోనూ, దగ్గును తగ్గించేవాటిలోనూ, వయసును నిలిపే వయఃస్థాపన ద్రవ్యాల్లోనూ చేర్చాడు. పదహారో శతాబ్దపు భావమిశ్రుడు తెల్లది, ఎర్రది అని రెండు రకాలను వేరువేరుగా వర్ణించాడు. కంటికి కూడా వాడుక ఉంది: వేరును పాలతో అరగదీసి దురదకు, తేనెతో అరగదీసి నీరు కారడానికి అంజనంగా పెట్టేవారు. ఈ చివరిది చదివి ఎవరూ ఇంట్లో ప్రయత్నించవద్దని వేడుకుంటున్నాను. శుభ్రం కాని వేరు ముద్దను కంటిలో పెడితే చూపుకే ముప్పు.

గమనించవలసిన విషయం ఏమిటంటే, గ్రంథాల్లో ఈ మొక్క ఒంటరిగా కనిపించేది తక్కువ. పునర్నవాష్టక కషాయాన్నే తీసుకోండి. పునర్నవ వేరుతో పాటు వేప, చేదుపొట్ల, శొంఠి, కటుకరోహిణి, తిప్పతీగ, మానుపసుపు, కరక్కాయ, మొత్తం ఎనిమిది ద్రవ్యాలు అందులో ఉంటాయి. పునర్నవాది మండూరంలో శుద్ధి చేసిన ఇనుప కిట్టం కలుస్తుంది కనుక, అది పాండురోగానికీ ఉబ్బుకూ కలిపి ఉద్దేశించిన మందు. రోగి బలం, జీర్ణశక్తి, ఉబ్బుకు మూలం గుండెలో ఉందా, కాలేయంలో ఉందా, రక్తహీనతలో ఉందా అన్నది చూసి వైద్యుడు వీటిలో ఒకటి ఎంచుకునేవాడు. శోథం ఉన్నవారికి ఉప్పు మానిపించడం కూడా ఆ చికిత్సలో భాగమే. ఫోన్లో తిరిగే సందేశం ఈ పథ్యాన్నంతా వదిలేసి, వేరును ఆకుగా మార్చి, కొలిచి ఇచ్చే కషాయాన్ని గ్లాసెడు పచ్చి రసంగా మార్చింది. ఇది మా సంప్రదాయం కాదని చెప్పవలసిన బాధ్యత మా మీదే ఉంది.

ఇక మీ అసలు ప్రశ్న. కాళ్ల వాపు తగ్గడం వేరు, మూత్రపిండాలు బాగుపడటం వేరు. మూత్రాన్ని జారీ చేసే ఏ ద్రవ్యమైనా ఉబ్బును కొంత దించవచ్చు. రోగి తేలికపడ్డానని చెబుతాడు, ఇంటివారు జబ్బు తగ్గిందనుకుంటారు, లోపల మూత్రపిండం వడకట్టే శక్తి మాత్రం తగ్గుతూనే ఉండవచ్చు. పాత కాలంలో రక్తపరీక్ష లేదు కనుక వైద్యుడు కంటికి కనిపించే ఉబ్బును చూసి వైద్యం చేశాడు. ఆ అనుభవాన్ని తీసుకొచ్చి క్రియాటినిన్ 4 దాటిన రోగికి అంటగట్టడం న్యాయం కాదు. మీ నాన్నగారికి నేనైతే ఈ రసం ఇవ్వను. ఆయన వేసుకునే మాత్రలేమిటో, పొటాషియం ఎంత ఉందో చూడకుండా పునర్నవ ఉన్న తయారీ మందు కూడా ఇవ్వను. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే, ఆ కాగితాలన్నీ పట్టుకుని చదువుకున్న వైద్యుని దగ్గరికి వెళ్లండి. మూత్రపిండాల డాక్టరుగారికి కూడా ఆ సంగతి దాచకుండా చెప్పండి. ఇద్దరికీ తెలిసి జరిగే వైద్యంలో ప్రమాదం తక్కువ.


మెతుకుసీమ:

మాది జహీరాబాద్ దగ్గరి పల్లె. మా వైపు గలిజేరును తెల్ల గర్జెలి అని కూడా అంటారు. అది మాకు మందు కాదు, కూర. విత్తకుండానే చేలలో మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, పొన్నగంటి వంటి వాటితో పాటు వానాకాలంలో దీనిని కూడా ఏరుకొచ్చుకుంటాం. కలుపు తీసే ఆడవాళ్లు పొద్దు వాలే వేళకు కొంగులో ఇంత ఆకు మూటగట్టుకుని ఇంటికి రావడం నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

వండే తీరు చెబితే ఇక్కడి చర్చకు పనికి వస్తుందేమో. లేత చివుళ్లు మాత్రమే గిల్లుతాం. బాగా కడిగి, ఎక్కువ నీళ్లు పోసి ఒక ఉడుకు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, ఆకును రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి, ఆ తరువాతే పెసరపప్పులో వేస్తాం. ఎల్లిపాయ, ఎండుమిరపకాయ తాలింపు పెడితే జొన్నరొట్టెలోకి బాగుంటుంది. ఆ నీళ్లు ఎందుకు పారబోయాలని నేను మా అత్తమ్మను అడిగితే, ఆకులో కారం ఉందనీ, అలాగే తింటే కడుపు జారుతుందనీ చెప్పేది. కడుపుతో ఉన్న కోడళ్లకు ఈ కూర వడ్డించేది కాదు, వేరును ఇంట్లోకే రానిచ్చేది కాదు. ఈ వేరు గర్భానికి చేటు చేస్తుందన్నది మా పెద్దవాళ్లందరికీ తెలిసిన మాట. తినే ఆకు విషయంలోనే ఇంత జాగ్రత్త పాటించిన చోట, పచ్చిది రుబ్బి గ్లాసెడు తాగడం మేము ఎన్నడూ వినలేదు.


రాత్రి డ్యూటీ:

నేను డయాలసిస్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. పై సోదరి చెప్పిన వంట పద్ధతి చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే మేము రోగులకు రోజూ చెప్పేది సరిగ్గా అదే. మూత్రపిండాలు చెడినప్పుడు ఆకుకూరల్లోని పొటాషియం ఒంట్లోంచి బయటికి పోదు. అందుకే ఆకుకూరను, కూరగాయలను ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, మిగిలినది మితంగా తినమంటాం. పొటాషియం నీళ్లలోకి దిగిపోతుంది కనుక అది కొంత తగ్గుతుంది. కషాయం కాచినా, రసం తీసినా జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. మనం పారబోయవలసిన భాగాన్నే గ్లాసులోకి తీసుకుంటున్నాం. అటికమామిడిలో పొటాషియం నైట్రేటు ఎక్కువగానే ఉంటుంది; మూత్రం జారీ కావడానికి అది కూడా ఒక కారణమని చెబుతారు. ఆరోగ్యవంతునికి మేలు చేసిన ఆ గుణమే ఈ రోగికి కీడు చేయవచ్చు. ఉద్దానంలో ఉన్నారు కనుక మీకు సులభంగా అర్థమయ్యే మాట చెబుతాను: మీ నాన్నగారికి కొబ్బరినీళ్లు ఎందుకు వద్దన్నారో, ఈ రసం కూడా అందుకే, అంటే పొటాషియం వల్లే, వద్దు.

గలిజేరు విషయంలో ఇంకో చిక్కుంది. దానిలో ఆక్సలేట్లు ఎక్కువ. పచ్చి ఆకు రసాలను రోజూ ఎక్కువ మోతాదులో తాగినప్పుడు ఈ ఆక్సలేటు మూత్రపిండాల్లోనే స్ఫటికాలుగా పేరుకుని, ఉన్న కాస్త పనితనాన్ని దెబ్బతీయగలదు. కనుక ఏది గలిజేరో, ఏది అటికమామిడో సరిగ్గా గుర్తుపట్టినా కూడా, మీ నాన్నగారి వరకు సమాధానం మారదు.

నేను చూసిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక రాత్రి యాభై ఏళ్ల రైతును మోసుకొచ్చారు. కాళ్లలో సత్తువ లేదు, నాడి నిమిషానికి నలభై కూడా లేదు. రక్తంలో పొటాషియం 7 దాటింది, ఉండవలసింది 3.5 నుంచి 5 లోపు. అప్పటికప్పుడు డయాలసిస్ చేస్తే తెల్లవారేసరికి కళ్లు తెరిచాడు. మూడు వారాలుగా పొద్దున్నే ఏదో ఆకు రసం తాగుతున్నాడని భార్య అప్పుడు చెప్పింది. మధ్యాహ్నం పూట చలవ చేస్తుందని కొబ్బరినీళ్లు కూడా తాగాడట, కనుక తప్పంతా ఆ ఆకుదేనని నేను అనను. ఆమె నా చేయి పట్టుకుని, మంచి జరుగుతుందనే నేనే స్వయంగా రుబ్బి ఇచ్చానమ్మా అని ఏడ్చింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది. మీ మేనత్తగారిని దయచేసి కోప్పడకండి, విషయం విడమరిచి చెప్పండి.

ఈలోగా చేయవలసినవి: సాయంత్రపు వాపు గురించి డాక్టరుగారికి ఈ వారంలోనే చెప్పండి, నీటి మాత్ర మోతాదును బహుశా సరిచేస్తారు. రోజూ ఉదయం ఒకే సమయానికి బరువు తూచి రాసిపెట్టండి. రెండు రోజుల్లో కిలోకు పైగా పెరిగితే అది ఒంట్లో చేరిన నీరే. ఊరగాయ, ఎండుచేప, అప్పడం మానిపించండి. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చే మాత్రలు అసలు వద్దు. పేరూ వివరాలూ లేని పొట్లాల్లో వచ్చే పొడులు అంతకన్నా వద్దు. కాళ్లు ఉన్నట్టుండి బలహీనపడినా, గుండె దడగా, తేడాగా అనిపించినా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.


ఉద్దానం కొబ్బరితోట:

అందరికీ నమస్కారాలు. శనివారం పొద్దున్న మేనత్తగారిని వెంటబెట్టుకుని తోటలోకి వెళ్లి చూశాం. మోటారు గది పక్కన విరివిగా పరుచుకున్నది గలిజేరే. తొడిమ వంచగానే ఆ పొర సంచి, అందులో తెల్లటి పువ్వు కనిపించాయి. కంచె వెంబడి ఉన్నది అటికమామిడి. కాయలు నా వేళ్లకు అంటుకున్నాయి. మేనత్తగారు రసానికని కోసి పెట్టుకున్నది మొదటిది. నర్సు సోదరి రాసిన దాన్ని ఆమెకు చదివి వినిపించాను. కొబ్బరినీళ్ల మాట దగ్గర ఆమె ఆగి, మళ్లీ చదవమన్నారు. ఆ తరువాత రసం ప్రస్తావన తీసుకురాలేదు.

సోమవారం డాక్టరుగారు మాత్ర మార్చారు, పొటాషియం పరీక్ష మళ్లీ రాశారు, అది 5.2 వచ్చింది. ఆయనకు వండే కూరలన్నీ నీళ్లు వంపి వండుతున్నాం, బరువు క్యాలెండరు మీద రాస్తున్నాం.

మెతుకుసీమ గారూ, మా అమ్మ మిగతా ఇంటివారి కోసం ఆ గలిజేరు పప్పు చేద్దామనుకుంటోంది. తోటలోది చాలా వరకు పూతకు వచ్చేసింది. ఇప్పుడు కోయవచ్చా?


మెతుకుసీమ:

పూత వచ్చిన కొమ్మలు వద్దు, ఆకు ముదిరి ఉంటుంది, పిండినా ఆ కారం పోదు. ఒక వాన పడి పది పన్నెండు రోజులయ్యాక కొత్త మొలకలు లేస్తాయి. వాటి పై నాలుగు ఆకులు గిల్లుకోండి. మందు కొట్టిన పాదుల దగ్గరివి మాత్రం కోయవద్దని మీ అమ్మగారికి చెప్పండి.